బాండ్ పాత్రధారులను పోల్చడానికి ఏది సరైన కొలమానం?

ఆదివారం ఆట:

మిత్రులందరికీ నమస్కారం. జేమ్స్ బాండ్ చిత్రాలను విడుదలైన వరుసలోనే, ఆదివారానికి ఒకటి చొప్పున చూస్తూ వచ్చి, 1962 నాటి 'డాక్టర్ నో'తో మొదలుపెట్టిన పనిని మొన్న 2021 నాటి 'నో టైమ్ టు డై'తో ముగించాను. ఈయాన్ సంస్థ తీసిన ఈ 25 చిత్రాలలో షాన్ కానరీ ఆరింటిలో, జార్జ్ లాజెన్‌బీ ఒక్కదానిలో, రోజర్ మూర్ ఏడింటిలో, తిమోతీ డాల్టన్ రెండింటిలో, పియర్స్ బ్రాస్నన్ నాలుగింటిలో, డేనియల్ క్రెయిగ్ ఐదింటిలో బాండ్‌గా నటించారు. వీరిలో ఎవరు గొప్ప అన్న వాదన మా ఇంట్లో చాలా పాతది. నాన్నగారి దృష్టిలో బాండ్ అంటే రోజర్ మూర్ ఒక్కరే; మా అబ్బాయి క్రెయిగ్‌ను తప్ప మరొకరిని ఆ పేరుతో పిలవడానికి ఒప్పుకోడు. ఇద్దరి మధ్యా కూర్చుని అన్నీ చూశాక, మనం ఇన్నాళ్లూ పోల్చుకుంటున్న విషయాలే సరైనవి కావేమో అన్న అనుమానం నాకు కలిగింది.

సూటు ఎవరికి బాగా నప్పింది అన్నది సగం దర్జీ పనితనానికి సంబంధించిన సంగతి. సాహసాల విషయానికి వస్తే, 1977 నాటి 'ది స్పై హూ లవ్డ్ మీ' ఆరంభంలో మంచు కొండ అంచు నుంచి దూకి, గాలిలో బ్రిటిష్ జెండా రంగుల పారాచూట్ విప్పిన మనిషి మూర్ కాదు, రిక్ సిల్వెస్టర్ అనే స్టంట్ కళాకారుడు. వీటిని పక్కన పెట్టాక నటుడికి సొంతంగా మిగిలేది ఏమిటి?

నాకు తోచిన కొలమానం ఇది. బాండ్ అంటే అవసరమైతే చంపవచ్చునని ప్రభుత్వమే అనుమతి ఇచ్చిన ఉద్యోగి. అతడి సంఖ్యలోని రెండు సున్నాలకు అర్థం అదే. కాబట్టి ఒక మనిషి ప్రాణం తీసిన తరువాతి కొద్ది క్షణాలలో ఆ నటుడు ఏం చేశాడో చూడాలి. అక్కడ డూపుతో పని లేదు, ఫైట్ మాస్టరు చేసేదీ ఏమీ లేదు. ముఖం, చేతులు, ఊపిరి మాత్రమే ఉంటాయి.

'డాక్టర్ నో'లో ప్రొఫెసర్ డెంట్ చీకటిగదిలోకి వచ్చి మంచం మీది ఆకారంలోకి ఆరు గుండ్లు కాల్చుతాడు. అక్కడ ఉన్నవి దిండ్లు. కానరీ తలుపు చాటున పేకముక్కలతో కాలక్షేపం చేస్తూ కూర్చుని ఉంటాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉండగానే డెంట్ కాలితో తివాచీని లాగి, దాని మీద పడి ఉన్న తుపాకీని అందుకుంటాడు. నొక్కితే ఖాళీ చప్పుడు వస్తుంది. నీ ఆరు గుండ్లూ అయిపోయాయని చెప్పి, కానరీ కాల్చుతాడు. పడిపోయినవాణ్ని ఇంకోసారి కాల్చుతాడు. ఆ ముఖంలో కోపం లేదు, తృప్తి కూడా లేదు. 44 ఏళ్ల తరువాత, 2006 నాటి 'క్యాసినో రాయల్'లో, మెట్ల దారిలో ప్రాణాలకు తెగించి కొట్లాడిన క్రెయిగ్ గదికి వచ్చి, నెత్తుటి చొక్కాతోనే అద్దం ముందు నిలబడి, గాయాలు కడుక్కుని, గ్లాసులోని విస్కీని గొంతులో పోసుకుని తన ముఖాన్ని తానే చూసుకుంటాడు. రెండూ ఒకే పాత్ర అంటే నమ్మడం కష్టం.

ఈ లెక్క ప్రకారం నా వరుస క్రెయిగ్, డాల్టన్, కానరీ, లాజెన్‌బీ, బ్రాస్నన్, మూర్. ఈ కొలమానం నిలుస్తుందా, లేక నేను పాత్రకు లేని బరువును దాని నెత్తిన పెడుతున్నానా అన్నది మీరు చెప్పాలి.

రాత్రి చదువరి:

ఆదివారం ఆట గారూ, మీరు పాత్రకు లేని బరువును పెట్టడం లేదు. ఆ బరువు బాండ్‌ను సృష్టించిన రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ నవలలలోనే ఉంది. దాన్ని దించింది సినిమా.

1959లో వచ్చిన 'గోల్డ్‌ఫింగర్' నవల మయామీ విమానాశ్రయంలో మొదలవుతుంది. రెండు డబుల్ బోర్బన్లు తాగిన బాండ్ విమానం కోసం ఎదురుచూస్తూ చావు బతుకుల గురించి ఆలోచిస్తూ ఉంటాడు. అంతకు ముందే మెక్సికోలో, తనను చంపడానికి వచ్చిన ఒక కిరాయి హంతకుణ్ని అతడు ఉత్తచేతులతో చంపి వచ్చాడు. కొట్టిన కుడిచేతి అంచు ఇంకా ఎర్రగా వాచి ఉంది. ఆ చేతిని ముడిచి, చాచి చూసుకుంటూ, కాసేపటి క్రితం వరకూ ఊపిరి ఉన్న మనిషిలోంచి అది ఎంత తొందరగా వెళ్లిపోయిందో తలచుకుంటాడు. చంపడం తన ఉద్యోగంలో భాగమని, దాని గురించి బాధపడకూడదని తనకు తాను చెప్పుకుంటాడు. చెప్పుకున్నా మనసు ఊరుకోదు.

ఇప్పుడు 1964 నాటి చిత్రం చూడండి. సంఘటన దాదాపు అదే, చచ్చేవాడూ అటువంటి కిరాయి మనిషే. కౌగిలిలో ఉన్న స్త్రీ కంటిపాపలో, వెనుక నుంచి వస్తున్న హంతకుడి ప్రతిబింబాన్ని కానరీ చూస్తాడు. కొట్లాటలో ఆ మనిషి నీళ్లు నిండిన స్నానపు తొట్టెలో పడితే, కరెంటు హీటరును అందులోకి విసురుతాడు. ఆ తరువాత 'షాకింగ్' అన్న ఒక్క మాట అని, తలుపు మూసి వెళ్లిపోతాడు. కరెంటు షాకు, దిగ్భ్రాంతి అనే రెండు అర్థాలూ కలిసిన శ్లేష అది. నవలలో ఒక అధ్యాయం పొడుగునా సాగిన ఆలోచన, వాచిన చెయ్యి, మద్యం, విమానాశ్రయంలోని ఒంటరితనం, అన్నీ కలిసి ఆ ఒక్క మాటలోకి కుదించుకుపోయాయి. కానరీ ఆ మాటను ఎంత అందంగా అన్నారంటే, తరువాత వచ్చిన ప్రతి బాండూ శవం పక్కన నిలబడి ఏదో ఒక చమత్కారం అనవలసిందే అన్న కట్టుబాటు అక్కడి నుంచే బలపడిందని నా నమ్మకం. అందువల్ల మీ కొలమానాన్ని కొద్దిగా సవరిస్తాను: చంపిన తరువాత ఏం చేశాడన్నదాని కంటే, 1964 నుంచి వారసత్వంగా వచ్చిన ఆ చమత్కారాన్ని ఒక్కొక్క నటుడు ఏం చేసుకున్నాడన్నదే అసలు ప్రశ్న.

కానరీ విషయంలో ఒక మాట చెప్పాలి. మొదట్లో ఫ్లెమింగ్‌కు ఆయన మీద నమ్మకం కలగలేదు. ఎడిన్‌బరోలో పాలు పోసిన కుర్రవాణ్ని పెద్దమనుషుల నడవడికలోకి తెచ్చిన ఘనత దర్శకుడు టెరెన్స్ యంగ్‌ది; తన సొంత దర్జీ ఆంథనీ సింక్లెయిర్ దగ్గరకు తీసుకువెళ్లి సూట్లు కుట్టించింది కూడా ఆయనే. సినిమాలు చూశాక ఫ్లెమింగ్ మనసు మార్చుకుని, 1964లో వచ్చిన నవలలో బాండ్ తండ్రిని స్కాట్లండ్ వాడిగా రాశారు. ఒక నటుడు తాను పోషించే పాత్రకు పుట్టుకనే మార్చగలగడం చిన్న విషయం కాదు. 1963 నాటి 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'లో, రైలు పెట్టెలో హంతకుడిగా నటించిన రాబర్ట్ షాతో జరిగిన పోరాటం ముగిశాక ఆయన్ని గమనించండి. జుట్టు చెదిరింది, ఊపిరి అందడం లేదు. అయినా టై సరిచేసుకుని, చచ్చినవాడి జేబులోంచి తన సొమ్ము తాను తీసుకుని, అంతసేపూ వాడు తనను పిలిచిన 'ఓల్డ్ మ్యాన్' అన్న పిలుపుతోనే వాణ్ని పిలుస్తాడు. అక్కడి చమత్కారం నవ్వించడానికి కాదు. వణుకుతున్న మనిషి తనను తాను కూడదీసుకోవడానికి అన్న మాట అది. 'గోల్డ్‌ఫింగర్'లో ఆ వణుకు పోయి చమత్కారం ఒక్కటే మిగిలింది.

డాల్టన్ ఫ్లెమింగ్ పుస్తకాలు చదువుకుని మరీ ఈ పాత్రకు సిద్ధమైన నటుడు. 1987 నాటి 'ది లివింగ్ డేలైట్స్' మొదట్లో, కిటికీలోంచి గురిపెట్టిన స్త్రీని చంపకుండా ఆమె తుపాకీని మాత్రమే కొట్టే సన్నివేశం ఫ్లెమింగ్ కథలోనిదే. ఉద్యోగం పీకేస్తే వాళ్లకే కృతజ్ఞతలు చెబుతానని అక్కడ డాల్టన్ అన్న తీరులో, ఈ పని మీద విసుగెత్తిన మనిషి కనిపిస్తాడు. అదే చిత్రంలో వియన్నాలోని ప్రాటర్ పార్కులో తోటి అధికారి చనిపోయినప్పుడు, గూఢచారులకు చావు అని రష్యన్ భాషలో రాసి ఉన్న ఒక బెలూన్ దొర్లుకుంటూ వస్తుంది. దాన్ని పట్టుకుని, చదివి, పిడికిట్లో పగలగొడతాడు. ఆ కోపంలోనే పరుగెత్తి, ఎదురుపడిన బెలూన్ల వెనుక హంతకుడున్నాడనుకుని తుపాకీ ఎత్తితే, అక్కడ ఉన్నది తల్లీ పిల్లవాడూ. ఆ ముఖాన్ని చూశాక నేను డాల్టన్‌ను మొదటి స్థానంలో పెట్టాను, ఇప్పటికీ మార్చలేదు.

నేలటికెట్టు:

మూర్‌ను చివర పెట్టడం నాకు బాధ కలిగించింది కాబట్టి రాస్తున్నాను.

మూర్ కానరీ కంటే వయసులో దాదాపు మూడేళ్లు పెద్ద. కానరీ 32వ ఏట మొదలుపెట్టిన పాత్రను ఆయన 45వ ఏట అందుకుని, 57 ఏళ్ల వయసులో, 1985లో విడిచిపెట్టారు. ఆ వయసులో, ఆ శరీరంతో కానరీలా పులి నడక నడవబోయి ఉంటే రెండో చిత్రంతోనే ఇంటికి వెళ్లేవారు. హింస తనకు గిట్టదని ఆయన దాచుకోలేదు. అందువల్ల ప్రేక్షకుడితో ఒక ఒప్పందం చేసుకున్నారు: ఇది ఆట అని నీకు తెలుసు, నాకూ తెలుసు, కలిసి ఆడుకుందాం అన్నట్లు కనుబొమ్మ ఎత్తారు. పిల్లలతో కలిసి సినిమాకు వెళ్లిన కుటుంబాలను బాండ్‌కు దగ్గర చేసింది ఆ కనుబొమ్మే. దాన్ని నటన కాదనడం అన్యాయం.

ఇక మీ కొలమానానికే వద్దాం. 'ది స్పై హూ లవ్డ్ మీ'లో, ఆస్ట్రియా మంచులో నా ప్రియుణ్ని చంపింది నువ్వేనా అని రష్యన్ గూఢచారిణి అడిగినప్పుడు, మూర్ మొదట ఆమె చేతిలోని ఫోటో చూసి తెలియదంటారు. తరువాత, స్కీల మీద వేగంగా దూసుకుపోతున్నప్పుడు వెన్నులో గుండు దించడానికి వెంటపడినవాడి ముఖం గుర్తుండదని, మన వృత్తిలో మనుషులు చస్తారని, అది అతడికీ తెలుసని చెబుతారు. ఆ పైన కళ్లు తిప్పుకోకుండా, అవును, నేనే చంపాను, అంటారు. చమత్కారం లేదు, కనుబొమ్మ లేవలేదు. అదే చిత్రంలో అంతకు ముందు, ఆమె అతడి జీవిత చరిత్రను ఒప్పజెబుతూ చనిపోయిన భార్య ప్రస్తావన తెచ్చినప్పుడు, అంతవరకూ నవ్వుతున్న ముఖం తలుపు వేసినట్లు మూసుకుపోతుంది. 1981 నాటి 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ'లో ఆ భార్య సమాధి దగ్గర పువ్వులు పెట్టి మొదలైన చిత్రంలోనే, కొండ అంచున ఊగుతున్న కారును, లోపల హంతకుడు ఉండగానే, కాలితో తన్ని లోయలోకి పంపుతారు. ఆ పని తన బాండ్ చెయ్యడని మూర్ అభ్యంతరం చెప్పారు, దర్శకుడు జాన్ గ్లెన్ పట్టుబట్టారు. ఆ సన్నివేశంలో కనిపించే తటపటాయింపుకు విలువ ఉంది.

నా అభిమానం నా కళ్లు మూయలేదని చెప్పడానికి ఒకటి ఒప్పుకుంటాను. 1983 నాటి 'ఆక్టోపసీ'ని ఉదయపూర్‌లో తీశారు. విజయ్ అమృత్‌రాజ్, కబీర్ బేడీ నటించారు. అందులో మన దేశపు సహచరుడి చేతిలో జూదంలో గెలిచిన నోట్లు పెట్టి, కొన్ని వారాలపాటు కూరకు సరిపోతాయన్న అర్థం వచ్చేలా మూర్ ఒక మాట అంటారు. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. చమత్కారం మీదే బతికే బాండ్‌కు ఉన్న ప్రమాదం అదే. అది ఎప్పుడు ఎవరి మీదకు తిరుగుతుందో ఆ పాత్రకే తెలియదు.

కృష్ణాతీరం:

చర్చ బాగుంది. ఒక విషయం ఎవరూ ఎత్తలేదు: గొంతు.

మనలో చాలామంది బాండ్‌ను ముందుగా తెలుగు తెర మీదే చూశాం. 1966లో ఎం. మల్లికార్జునరావు దర్శకత్వంలో వచ్చిన 'గూఢచారి 116'తో కృష్ణగారికి ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్న పేరు స్థిరపడింది. మా పెద్దన్నయ్యగారి తరానికి గూఢచారి అంటే ఆ మాట, ఆ తీరు. కానరీ ఆ తరువాతే వచ్చారు. ఇక క్రెయిగ్ చివరి చిత్రం మన దేశంలో తెలుగు డబ్బింగుతో కూడా విడుదలైంది. నేను ముందు తెలుగులో చూసి, తరువాత ఆంగ్లంలో చూశాను. క్రెయిగ్ మాట సగం మింగి సగం చెబుతారు. డబ్బింగులో ప్రతి అక్షరమూ స్పష్టంగా పలికి, ఆ మింగుడు పోయింది. ముఖం ఒకటి చెబుతుంటే గొంతు మరొకటి చెప్పింది. నటులను పోల్చేవారు అసలు గొంతుతో చూసి పోల్చాలని నా మనవి.

ఇందులో ఎక్కువగా నష్టపోయింది లాజెన్‌బీ. 1969 నాటి 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'లో బాండ్ వంశవృక్షాల పండితుడిగా మారువేషంలో ఉన్నంతసేపూ వినిపించేది లాజెన్‌బీ గొంతు కాదు, జార్జ్ బేకర్ అనే మరో నటుడి గొంతు. అంతకు ముందు సినిమాలలో నటించిన అనుభవం లేని ఆస్ట్రేలియా మోడల్‌కు దొరికిన ఒక్క అవకాశంలో అంత భాగం పరాయి గొంతుకు పోయింది. చివర్లో, పెళ్లయిన కాసేపటికే కారులో భార్య తుపాకీ గుండుకు చనిపోయినప్పుడు మాత్రం గొంతు ఆయనదే. ఆమె విశ్రాంతి తీసుకుంటోంది, మాకు కావలసినంత సమయం ఉంది, అని పక్కకు వచ్చిన పోలీసుతో అంటారు. ఆ సన్నివేశం మొదటిసారి తీసినప్పుడు తాను నిజంగానే ఏడ్చానని, బాండ్ ఏడవడని చెప్పి దర్శకుడు పీటర్ హంట్ మళ్లీ తీయించారని లాజెన్‌బీ తరువాత చెప్పుకున్నారు. కన్నీళ్లు ఆపుకున్న ఆ గొంతు కోసమే ఆయన్ని నేను కానరీ పక్కన కూర్చోబెడతాను.

మొదటి వరుస:

బ్రాస్నన్ గురించి ఎవరూ మాట్లాడకపోవడం ఆయనకు అలవాటైన అదృష్టమే. 1986లో దాదాపు చేతికి వచ్చిన పాత్ర టీవీ ధారావాహిక ఒప్పందం వల్ల జారిపోయి, 1995 నాటి 'గోల్డెన్ ఐ' వరకు ఆగవలసి వచ్చింది.

1997 నాటి 'టుమారో నెవర్ డైస్'లో హాంబర్గ్ హోటల్ గదిలో, చొక్కా చేతులతో, ఒక చేతిలో వోడ్కా, మరో చేతిలో సైలెన్సర్ బిగించిన తుపాకీ పెట్టుకుని చీకట్లో ఒంటరిగా కూర్చున్న బ్రాస్నన్‌ను చూడండి. నవలలో మయామీ విమానాశ్రయంలో ఉన్న మనిషికి, తెర మీద అంతకంటే దగ్గరగా వచ్చిన దృశ్యం నాకు తెలియదు. ఆ తరువాత పాత ప్రియురాలి శవం పక్కనే ఆమెను చంపిన డాక్టరు, నేను వృత్తిధర్మం నెరవేరుస్తున్నవాణ్ని మాత్రమే అని వేడుకుంటే, నేనూ అంతే అని కాల్చుతాడు. చమత్కారపు రూపం అలాగే ఉంది, లోపల నవ్వు లేదు. 1999 నాటి 'ది వరల్డ్ ఈజ్ నాట్ ఎనఫ్'లో తాను ప్రేమించిన స్త్రీనే కాల్చి, ఆ వెంటనే ఆమె మీదికి వంగి చూసే క్షణం కూడా అటువంటిదే. కథలు ఆయనకు సాయం చెయ్యలేదు. రెండు మంచి క్షణాలు ఇచ్చి, మిగిలిన రెండు గంటలూ పేలుళ్లతో నింపేశారు.

ఆదివారం ఆట:

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక నిన్న రాత్రి నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని 'ది స్పై హూ లవ్డ్ మీ'లోని ఆ సన్నివేశాన్ని మూడుసార్లు చూశాను. నేలటికెట్టు గారు చెప్పింది నిజం. నేనే చంపాను అని మూర్ ఒప్పుకునే ముందు చిన్న విరామం ఒకటి ఉంది. మొదటిసారి చూసినప్పుడు అది నా కంట పడలేదు. ఈ మనిషిని చివర పెట్టడం నా తొందరపాటు. బ్రాస్నన్ హోటల్ గది సన్నివేశాన్ని కూడా మళ్లీ చూడవలసి ఉంది.

రాత్రి చదువరి గారి సవరణను పూర్తిగా అంగీకరిస్తున్నాను, అది క్రెయిగ్‌కూ వర్తిస్తుంది. 'క్యాసినో రాయల్' ఆరంభంలోని నలుపు తెలుపు సన్నివేశంలో, నీ మొదటి హత్య ఎలా జరిగిందని ద్రోహి అడుగుతాడు. జవాబుగా స్నానాల గదిలో ఒక మనిషిని నీళ్లలో ముంచి చంపడానికి క్రెయిగ్ పడిన అవస్థ అంతా మనకు కనిపిస్తుంది. భయపడకు, రెండోది, అని ద్రోహి ఇంకా ఏదో చెప్పబోతుండగానే క్రెయిగ్ కాల్చుతాడు. అవును, చాలా తేలిక, అని అతడి వాక్యాన్ని తాను పూర్తి చేస్తాడు. రూపంలో అది కూడా చమత్కారమే, కానరీ నుంచి వచ్చినదే. అయితే స్నానాల గదిలో జరిగింది కళ్లారా చూశాం కనుక ఆ మాట మనకు అబద్ధంలా వినిపిస్తుంది. తేలిక కాలేదని అదే చిత్రంలో తరువాత తెలుస్తుంది: మెట్ల దారిలో హత్య చూసి, షవరు కింద బట్టలతోనే కూర్చుని వణుకుతున్న కథానాయిక వెస్పర్ పక్కన, తానూ బట్టలతోనే కూర్చుని, నీళ్లు వెచ్చగా వచ్చేలా పంపు తిప్పుతాడు.

నాన్నగారు ఆ సన్నివేశాన్ని మొదటిసారి శ్రద్ధగా చూశారు. మూర్ అయితే ముందు ఆ అమ్మాయికి తన కోటు ఇచ్చేవాడు, అన్నారు. ఆ మాట కూడా సరైనదే అనిపించి, వరుస మళ్లీ రాయడం ప్రస్తుతానికి ఆపాను.